టీవీ యాడ్‌కి తెలుగు రాశాను: తొమ్మిది డ్రాఫ్టులు, ఒక ‘ఉంటాను’

2024 సెప్టెంబరు 18, బుధవారం. సాయంత్రం నాలుగున్నరకి ముంబయి నుంచి ఫోన్ వచ్చింది. దీపావళికి ఒక యాడ్ ఫిల్మ్ తయారైందట, హిందీ నుంచి తెలుగులోకి తేవాలట, రేపు సాయంత్రానికల్లా కావాలట. అప్పటిదాకా నేను చేసినవన్నీ పత్రికా ప్రకటనలు, ప్యాకెట్ల వెనక వేసే వివరాలు, బ్యాంకు ఫారాలు. మనుషులు నోరు తెరిచి మాట్లాడే యాడ్ ఎప్పుడూ రాయలేదు. చేస్తారా అంటే చేస్తానన్నాను. ఎంత తీసుకుంటారంటే, ఎంత అడగాలో తెలియక ఎనిమిది వేలన్నాను. అవతల ఒక్క క్షణం కూడా ఆగకుండా సరేనన్నారు. తక్కువ అడిగానని అప్పుడే అర్థమైంది.

అనువాదాలు చేసే మనలో ఈ పని మొదటిసారి ఒప్పుకునేవాళ్ళు చాలామందే ఉంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అది వంటనూనె కంపెనీ యాడ్ అన్నంత వరకే చెబుతాను, పేర్లు రాయను.

మర్నాడు పొద్దున ముందు ఒక ఒప్పందం వచ్చింది, ఫిల్మ్ బయటికి వచ్చేదాకా ఎవరికీ చెప్పనని. సంతకం పెట్టి పంపాక లింకు, పాస్‌వర్డు ఇచ్చారు. ఫిల్మ్ నిడివి నిమిషం యాభై సెకన్లు. తెర మధ్యలో నా పేరే బూడిదరంగులో అడ్డంగా ముద్రించి ఉంది, ఎక్కడైనా బయటపడితే ఎవరి దగ్గర్నుంచి వెళ్ళిందో తెలియడానికి. దాంతోపాటు ఒక స్క్రిప్టు: ఒక గడిలో సెకన్లు, ఒక గడిలో హిందీ మాట, మూడో గడి ఖాళీ. ఆ ఖాళీ గడి నాది.

కథ చిన్నదే. ఒక చిన్న ఊళ్ళో పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. కూతురు పట్నంలో నర్సు. దీపావళి రాత్రి డ్యూటీ పడింది, రాలేనని ఫోన్ చేస్తుంది. తల్లి అప్పుడే పిండివంటలు చేసి పళ్ళెంలో సర్దుకుని ఉంటుంది. కూతురు బాధపడుతుందని, “ఇల్లంతా చుట్టాలే, కాలు పెట్టే సందు లేదు, నీ గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది నాకు” అని అబద్ధం చెబుతుంది. చెబుతూనే మెల్లగా లేచి రిమోట్ తీసుకుని టీవీ సౌండ్ పెంచుతుంది, నలుగురున్నట్టు వినబడాలని. అవతల కూతురు “నేను తినేశానమ్మా, ఇక్కడ స్వీట్లు కూడా పంచారు” అంటుంది. ఆమె చేతిలో ఉన్నది బిస్కెట్ ప్యాకెట్టు. చివర్లో తల్లి “అచ్ఛా, రఖ్‌తీ హూఁ” అంటుంది, కానీ ఫోన్ పెట్టదు. కూతురూ పెట్టదు. ఆరు సెకన్లు ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే ఉంటారు. తర్వాత నూనె కంపెనీ మాట.

సౌండ్ పెంచే చోట నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్కదాన్నే గదిలో కూర్చుని నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ అక్కడే. ఐదోసారి నుంచి ఏడుపు ఆగింది, పని మొదలైంది. యాడ్‌కి తెలుగు రాసేవాళ్ళు ముందు మనసారా ఏడ్చేసి తర్వాత కూర్చోవాలి. ఏడుస్తూ రాసిన మొదటి డ్రాఫ్టులో నేను వాడిన మాటలు ఇప్పుడు చదువుకుంటే ఒక్కటీ నిలబడదు. ‘ఒంటరితనం’, ‘నువ్వు లేని పండగ’, ‘నా ప్రాణం’. తెర మీద ఆవిడ దాచుకుంటున్నదంతా నేను ఆవిడ చేతే చెప్పించేశాను.

అసలు చిక్కు మాటల్లో కాదు, పెదవుల దగ్గర వచ్చింది. దాని గురించి నాకెవరూ చెప్పలేదు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మనిషి ముఖం దగ్గరగా చూపించే చోట ప, బ, మ అక్షరాలు పలికినప్పుడు పెదవులు కలుస్తాయి. తెర మీద పెదవులు కలిసిన చోటే తెలుగులోనూ అలాంటి అక్షరం పడాలి. లేకపోతే డబ్బింగ్ అని చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. అలా తెలిసిన మరుక్షణం ఎవరికీ కన్నీళ్ళు రావు. పైగా హిందీ మాటలు చాలా హల్లు మీద ఆగుతాయి, మన మాటలు ఎక్కువగా అచ్చు మీద ఆగుతాయి. ఆవిడ “ఆజ్ భీ కామ్?” అని నోరు మూస్తుంది. నేను “ఇవాళ కూడా పనా?” అని రాస్తే, నోరు మూసి ఉన్న మనిషి లోపలి నుంచి ‘ఆ’ అని వినబడుతుంది. గంటన్నర కొట్టుకున్నాక దొరికింది: “ఇవాళ కూడానా, పాపం!” సున్న మీద పెదవులు కలిశాయి. అంతకంటే ముఖ్యం, మా ఊళ్ళో ఏ తల్లైనా అదే అంటుంది. లెక్క కుదరడానికి వెతుక్కుంటే మాటే కుదిరింది.

‘బేటా’ దగ్గర మరీ కష్టపడ్డాను. హిందీలో కొడుకునీ కూతుర్నీ కూడా ‘బేటా’ అంటారు. నేను మొదట ‘తల్లీ’ అని రాశాను. ‘బే’ దగ్గర పెదవులు కలవాలి, ‘త’కి కలవవు. ‘బంగారం’ పొడుగైంది. ‘బుజ్జీ’ పెదవులకి సరిపోయింది కానీ ముప్పై ఏళ్ళ నర్సుని అలా పిలుస్తుంటే వినడానికి బాగాలేదు. చివరికి వీడియోని కొంచెం కొంచెంగా జరుపుతూ చూస్తే, ‘బేటా’ అనేముందు ఆవిడ చిన్నగా ఊపిరి తీసుకుంటోంది, నోరు కాస్త తెరిచి. ఆ తెరిచిన చోట ‘అ’ పెట్టి, పెదవులు కలిసిన చోట ‘మ్మ’ పెట్టి, చివర ‘టా’ ఉన్నచోట దీర్ఘం పెట్టాను. అమ్మా. కన్నకూతుర్ని ‘అమ్మా’ అని పిలవడం మన ఇళ్ళలో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. పిలిచే మనిషీ, పిలిపించుకునే మనిషీ ఇద్దరూ ఒకరినొకరు ‘అమ్మా’ అంటున్నారు ఆ ఫోన్లో. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు, సంతోషంతోనే.

నిడివి కూడా అంతే. “మై ఠీక్ హూఁ” అన్నదానికి “నేను బాగానే ఉన్నాను” అని రాస్తే తెర మీద మనిషి అప్పటికే గది దాటిపోయింది. మన క్రియలోనే ‘నేను’ ఉంది కదా. అందుకని నేనులు, నువ్వులు అన్నీ తీసేశాను. “బాగున్నానే” చాలింది.

20వ తేదీ శుక్రవారం పొద్దున పంపాను, ఒక పూట ఆలస్యంగా. రేపటికల్లా కావాలన్నవాళ్ళు నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నారు. ఆ నాలుగు రోజులూ నేను నా ఫైలే తెరిచి చూసుకుంటూ మార్చుకుంటూ కూర్చున్నాను, అది మూడో డ్రాఫ్టు దాకా వెళ్ళింది.

24 మంగళవారం పదకొండు గంటలకి కాన్ఫరెన్స్ కాల్. ముంబయి ఏజెన్సీ వాళ్ళు ముగ్గురు, కంపెనీ మార్కెటింగ్ ఆవిడ, హైదరాబాద్ సేల్స్ ఆఫీసు నుంచి ఒకాయన. తెలుగు వచ్చింది మా ఇద్దరికే. ఆయనది కరీంనగర్ వైపు. తెలుగు బాగుందో లేదో ఆయన చెబితేనే ముంబయి వాళ్ళు ఒప్పుకుంటారు.

నేను ఎంతో ఇష్టంగా రాసుకున్న ముక్క ఒకటి ఉంది అందులో. ఫిల్మ్ మధ్యలో వీధిలో పిల్లలు టపాకాయలు కాలుస్తుంటే తల్లి వాకిట్లో నిలబడి ఏదో కూనిరాగం తీస్తుంది. అక్కడ నేను “దిబ్బు దిబ్బు దీపావళి” అని పెట్టాను, ఫోన్లో కూతురు “మళ్ళీ వచ్చే నాగుల చవితి” అని పూర్తిచేస్తుంది. మాది బొబ్బిలి దగ్గర పల్లె. దీపావళి సందెవేళ గోగుకాడలకి నూనెగుడ్డలు చుట్టి వెలిగించి, నేల మీద కొడుతూ పిల్లలం అరిచే మాట అది. అరిచి, ఆర్పి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి తీపి తినాలి. ఈసారి రాలేని కూతురు ‘మళ్ళీ వచ్చే’ అనడం కంటే ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆయన చాలా మర్యాదగానే చెప్పారు. “మేడం, బాగుంది గానీ మా దగ్గర ఇది లేదు. మా అమ్మకి ఇది అర్థం కాదు. మా ఇండ్లల్ల ఆడపిల్ల ఇంటికొచ్చేది బతుకమ్మకు, దసరాకు. దీపావళికి రాలేదని మా అమ్మ అంత బాధపడదు.” తర్వాత ఇంకో మాట: “ఆ పళ్ళెంల ఉన్నవి మీరు కజ్జికాయలు అని రాసిండ్రు. మేం గరిజెలు అంటం.”

నేను వాదించాను. గట్టిగానే. హిందీవాళ్ళ గుజియాని ఏదో ఒకటి అనాలి కదా అన్నాను. ఉత్తరాంధ్ర వాళ్ళు కూడా నూనె కొంటారన్నాను. ముంబయి వాళ్ళకి మా గొడవ ఒక్క ముక్క అర్థం కాలేదు, “రెండు రాష్ట్రాలకీ పనికొచ్చేలా ఉండాలి” అని తేల్చేశారు. చిన్నబుచ్చుకున్నాను. ఫోన్ పెట్టాక ఏడుపొచ్చింది, ఇది ఫిల్మ్ చూసి వచ్చింది కాదు. ఇన్నాళ్ళకి నిమ్మళంగా ఆలోచిస్తే ఆయన మాట సరైనదే. నా ఊరి మాట నన్ను ఏడిపించింది కాబట్టి అందర్నీ ఏడిపిస్తుందనుకున్నాను. వాళ్ళమ్మని ఆ ఫిల్మ్ బయట నిలబెట్టే హక్కు నాకు లేదు.

కజ్జికాయల సంగతి తేలిగ్గానే తేలింది. పేరే చెప్పలేదు. “నీకిష్టమని చేశాను” అంది తల్లి, పళ్ళెం వైపు చూస్తూ. తెర మీద కనబడేదానికి మళ్ళీ పేరెందుకు?

ఆ సాయంత్రం మా అమ్మకి ఫోన్ చేశాను. కాల్‌లో జరిగింది చెప్పి కాస్త ఓదార్పు పొందుదామని. ఒప్పందం గుర్తొచ్చి ఏమీ చెప్పలేక, “అమ్మా, దీపావళికి నువ్వు పాడేదేమైనా ఉందా, అందరికీ తెలిసింది?” అని అడిగాను. “నాకేటి పాటలొచ్చమ్మా? పని కాడ పాటలేటి?” అంది. దీపావళికి వస్తావేటి అని అడిగింది. చూస్తానన్నాను. రానని తనకి తెలుసు, రానని నాకూ తెలుసు. కాసేపు పక్కింటి వాళ్ళ గేదె సంగతి చెప్పి, “సరేనమ్మా, ఉంటాను” అంది.

మా అమ్మకి ఫోన్ కట్ చేయడం రాదు. అవతలివాళ్ళు కట్ చేస్తారని అలాగే గూట్లో పెట్టేస్తుంది. మామూలుగా నేనే కట్ చేస్తాను. ఆ రోజు చేతిలో ఫోన్ అలాగే పట్టుకుని ఉండిపోయాను. గూట్లో పెట్టిన చప్పుడు. చెప్పులు లేని అడుగులు. గ్లాసు ఏదో బోర్లించింది. టీవీ ఆపింది. ఆ తర్వాత ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో నాకు హైదరాబాద్‌లో వినబడింది. ఎక్కడో గొళ్ళెం వేసిన చప్పుడైంది. నాలుగు నిమిషాల పైన విన్నాను.

అప్పుడు తట్టింది. ‘రఖ్‌తీ హూఁ’ అన్నదానికి నేను ‘పెట్టేస్తున్నాను’ అని రాసి ఉంచాను. అర్థం అదే మరి, ఫోన్ పెట్టేస్తున్నానని. కానీ మనలో ఎవరంటారు అలా? కరీంనగర్ తల్లైనా బొబ్బిలి తల్లైనా ఫోన్ చివర ‘ఉంటాను’, ‘ఉంటా మరి’ అంటుంది. హిందీలో ఆవిడ పెడతానని చెప్పి పెట్టదు. మన మాటలో పెట్టడమే లేదు. ఉంటానంటుంది, ఉంటుంది. ఆ తర్వాత వచ్చే ఆరు సెకన్ల నిశ్శబ్దానికి ఆ ఒక్క మాటే తాళంచెవి.

వెంటనే వీడియో తెరిచి పెదవులు చూశాను. రఖ్-తీ-హూఁ, మూడు. ఉం-టా-ను, మూడు. ‘హూఁ’ దగ్గర పెదవులు గుండ్రంగా ముందుకొస్తాయి, మాట ముక్కులోకి వెళ్తుంది. ‘ను’ దగ్గరా అంతే. ఒక్క ఫ్రేము కూడా జరపనవసరం లేదు. రాత్రి పదకొండుకి మా ఆయన్ని లేపి చూపించాను. ఆయన రెండుసార్లు చూసి ఏమీ అనకుండా వెళ్ళి వాళ్ళ నాన్నకి ఫోన్ చేస్తే, అంత రాత్రివేళ ఏమైందోనని ఆ పెద్దాయన కంగారుపడ్డారు.

25న ఐదో డ్రాఫ్టు పంపాను. వీళ్ళకి తెలుగుతోపాటు ప్రతి వాక్యానికీ ఇంగ్లిష్ అర్థం కూడా రాసి ఇవ్వాలి, తెలుగు రానివాళ్ళు ఆమోదించడానికి. ‘ఉంటాను’కి నేను రాసిన ఇంగ్లిష్ అర్థం చూసి 26న ఫోన్ చేశారు: ఉండటమేమిటి, ఎక్కడుంటుంది, వాక్యం సగంలో ఆగిపోయింది కదా అని. ఇరవై నిమిషాలు చెప్పాను. మా అమ్మ ఫోన్ గూట్లో పెట్టడం కూడా చెప్పాను. క్రియేటివ్ డైరెక్టర్‌ది అస్సాం అట. చాలాసేపు మాట్లాడకుండా ఉండి, “అది ఉంచండి” అన్నారు. ఈ మొత్తం పనిలో నాకు గుర్తుండిపోయే మాట అదే.

ఆయనే మాటల్లో 2013 నాటి గూగుల్ ఇండియా యాడ్ ‘రీయూనియన్’ మళ్ళీ చూడమన్నారు. దేశ విభజనలో విడిపోయిన ఇద్దరు స్నేహితులు, ఢిల్లీలో ఒక తాత, లాహోర్‌లో ఒక తాత. లాహోర్ తాతగా వేసింది ‘గరం హవా’ సినిమా తీసిన ఎం.ఎస్. సత్యు. మూడున్నర నిమిషాల ఆ ఫిల్మ్‌లో విభజన గురించి ఉపన్యాసం ఎక్కడా ఉండదు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి మిఠాయి కొట్లోంచి దొంగిలించిన ఝజరియా గురించి ఉంటుంది. మన గుండె పట్టుకునేది ఆ మిఠాయే. తెలుగు చేసినవాళ్ళ పనితనం చూడాలంటే సర్ఫ్ ఎక్సెల్ యాడ్‌లోని ‘మరక మంచిదే’ని చూడాలి. హిందీ ‘దాగ్ అచ్ఛే హై’లో బహువచనం ఉంది. తెలుగులో అది ఒక్క మరకైపోయి, చివరి ఏత్వంతో బిడ్డని వెనకేసుకొచ్చే తల్లి గొంతు వచ్చేసింది. ఎవరు రాశారో నాకు తెలియదు, వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మళ్ళీ నాలుగు రోజులు ఏ కబురూ లేదు. 30 సోమవారం ఆమోదం వచ్చింది. అప్పటికి ఏడో డ్రాఫ్టు.

అక్టోబరు 3, గురువారం డబ్బింగ్. ముందురోజే ఎంగిలిపూల బతుకమ్మ, కృష్ణానగర్ సందుల్లో తంగేడు పూలు ఇంకా వాడకుండా పడున్నాయి. స్టూడియోకి నేను వెళ్ళాల్సి ఉంటుందని ఒప్పుకున్నప్పుడు ఎవరూ చెప్పలేదు. పది నుంచి రెండు దాకా అన్నారు, మూడున్నర దాటింది. ఆ రోజుకి విడిగా డబ్బు లేదు, ఆటోకి పోనూ రానూ 340 రూపాయలు నావే. స్టూడియోకి రావాలంటే రోజుకి ఇంత అని ముందే రాతలో పెట్టుకోండి.

తల్లికి గొంతు ఇచ్చే ఆవిడకి అరవై దాటాయి. సీరియళ్ళకి ఏళ్ళ తరబడి చెబుతున్నారు. ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చుకున్నారు. బూత్‌లోకి వెళ్ళేముందు గాజులు ఒక్కొక్కటీ తీసి రుమాలులో మూటకట్టారు, మైకులో గలగలమంటాయని. మెత్తటి పాత వాయిలు చీర కట్టుకొచ్చారు, గంజిపెట్టినదైతే కదిలినప్పుడల్లా చప్పుడట. స్క్రిప్టు చదివి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “అమ్మాయ్, ఈవిడ ఈ మాట అనేటప్పుడు కూచుని ఉందా, లేచిందా?” రిమోట్ కోసం లేస్తోందని చెప్పాను. “అయితే మోకాళ్ళ నొప్పి ఉంటుంది, ఊపిరి తెగుతుంది” అని ఆ మాట మధ్యలో చిన్న విరుపు పెట్టారు. నాకు ఒళ్ళు జలదరించింది.

మూడో టేకులో ‘ఉంటాను’ అన్నారు. మైకుకి సూటిగా కాకుండా ముఖం కాస్త పక్కకి తిప్పి, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టుగా. గొంతు ఎక్కడా వణకలేదు. ఇంజనీరు కుర్రాడు చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు.

వీడియో కాల్‌లో ముంబయి నుంచి ఒకమ్మాయి వింటోంది. “ఇంకా ఎమోషన్ కావాలి” అంది. మళ్ళీ చెప్పారు. “కొంచెం ఏడుపు వినబడాలి” అంది. ఆవిడ బూత్‌లోంచే అన్నారు, “ఏడవకూడదమ్మా. ఏడిస్తే కూతురికి తెలిసిపోదూ? ఇంతసేపూ టీవీ పెంచి ఆవిడ పడ్డ పాట్లన్నీ ఎందుకు?” నేను అనువాదం చేసి చెప్పాను. అవతల నుంచి మళ్ళీ అదే మాట. అలా పదిహేడు టేకులు. చివరివాటిలో గొంతు నిజంగానే బొంగురుపోయింది, అలసటతో. ఆ అలసటని విని అవతల “ఇది బాగుంది” అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. ఆవిడకి రాలేదు. గాజులు మళ్ళీ తొడుక్కుంటూ, “చెప్పాల్సింది చెప్పాం, ఇక వాళ్ళిష్టం” అని నా భుజం తట్టి, ఇంకో స్టూడియోకి వెళ్ళారు.

మర్నాడు మిక్స్ చేసి పంపారు. ఫోన్ సంభాషణంతా పదిహేడో టేకులోంచి తీసుకున్నారు. ‘ఉంటాను’ మాత్రం మూడో టేకుది. ఎవరు పట్టుబట్టారో అడగలేదు. అస్సాం ఆయనే అయ్యుంటారు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. 8న చివర వచ్చే బొమ్మ పంపారు, శుభాకాంక్షల అక్షరాలతో. వత్తులన్నీ విడిపోయి ఉన్నాయి. ‘శుభాకాంక్షలు’లో క ఒక పక్క, ష ఒక పక్క. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో మన అక్షరాలు చెదిరిపోతాయి, ముంబయిలో చూసేవాళ్ళకి అవి ముగ్గుల్లాగే ఉంటాయి, తేడా తెలియదు. రెండుసార్లు సరిచేశామని పంపినా అంతే. ఆఖరికి నేనే అక్షరాలు కూర్చి బొమ్మగా మార్చి పంపితే అతికించారు. కింద చిన్న అక్షరాల్లో వచ్చే షరతు వాక్యం కూడా తెలుగులోనే ఉండాలి. అది రాసి, అచ్చు చూసి ఇవ్వడమూ నా పనే అయింది. టీవీ యాడ్‌కి తెలుగు రాసేవాళ్ళు చివరి బొమ్మ చూడకుండా వదలొద్దు. తెలుగు చదవగలిగే ఆఖరి మనిషి మీరే.

10వ తేదీ, సద్దుల బతుకమ్మ రోజు, కొత్త పని. టీవీలో సమయాన్ని పది సెకన్ల లెక్కన కొంటారు. అందుకని నిమిషం యాభై సెకన్ల ఫిల్మ్ ఆన్‌లైన్లో మాత్రమే, టీవీకి 30, 20 సెకన్ల ముక్కలు. పెద్ద ఫిల్మ్ మాటలే కోసి పెట్టుకుంటారులే అనుకున్నాను. కాదు, షాట్లు మారాయి, మాటలు మళ్ళీ రాయాలి. అవి ఎనిమిదో, తొమ్మిదో డ్రాఫ్టులు. 30 సెకన్లలో ‘ఉంటాను’ మిగిలింది, నిశ్శబ్దం మాత్రం రెండు సెకన్లే. 20 సెకన్ల దాంట్లో తల్లి టీవీ సౌండ్ పెంచుతుంది, వెంటనే నూనె ప్యాకెట్టు. ఉంటాను లేదు, నిశ్శబ్దమూ లేదు. డబ్బు పెట్టేవాళ్ళకి ప్రతి సెకనూ డబ్బే, అది నాకు తెలుసు. అయినా మాట్లాడని సెకన్లే ముందు పోతాయని కళ్ళారా చూడటం బాధగా ఉంది.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. అక్టోబరు 7న బిల్లు పంపాను, 45 రోజుల్లో వస్తాయన్నారు. రాలేదు. డిసెంబరులో ఐదు మెయిళ్ళు రాశాను. ఒకసారి పాన్ కార్డు కాపీ, ఒకసారి క్యాన్సిల్డ్ చెక్కు మళ్ళీ అడిగారు, రెండూ ముందే ఇచ్చినవే. 2025 జనవరి 9న పడ్డాయి, 94 రోజులకి. ఎనిమిది వేలలో పది శాతం టీడీఎస్ పోగా 7,200. తొమ్మిది డ్రాఫ్టులకీ, స్టూడియో రోజుకీ, అక్షరాలు కూర్చినందుకూ కలిపి అంతే. ఇప్పుడైతే మూడు డ్రాఫ్టులు దాటితే ఇంత, టీవీ ముక్కలకి విడిగా ఇంత అని ముందే రాసి పంపుతున్నాను. మారుమాట లేకుండా ఒప్పుకుంటున్నారు.

అక్టోబరు 21 సోమవారం రాత్రి సీరియల్ మధ్యలో మొదటిసారి 30 సెకన్లది వచ్చింది. ఇంట్లో అందరం నిలబడే చూశాం. మా పాప “నీ మాటలేనా?” అంది. రెండోసారి వచ్చినప్పుడు నేను టీవీ వైపు చూడలేదు, మా అత్తగారి ముఖం చూశాను. ‘ఉంటాను’ దగ్గర ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. రెండు సెకన్లు కూడా కొంత పనిచేస్తాయన్నమాట. వారం తిరిగేసరికి ఎక్కువగా 20 సెకన్లదే వేశారు.

దీపావళి 31న, గురువారం. ఊరికి వెళ్ళలేకపోయాను. పాపకి పరీక్షలు. అమ్మకి ఫోన్ చేసి రాలేనని చెబితే, “పర్లేదమ్మా, పిన్నీవాళ్ళు వస్తారు, ఇల్లు నిండిపోద్ది” అంది. పిన్నీవాళ్ళు విశాఖలో ఉన్నారని పొద్దునే పిన్ని నాతో చెప్పింది. నేనేమీ అనలేదు.

నవంబరు 4 రాత్రికి బయల్దేరి వెళ్ళాను. 5న నాగుల చవితి. పొద్దున్నే పుట్టలో పాలు పోసి వచ్చాం. మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని ఫోన్లో పెద్ద ఫిల్మ్ పెట్టి చూపించాను. తను టీవీలో చూసింది చిన్నదే. కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోన్ కాస్త దూరంగా పట్టుకుని మొత్తం చూసింది. ‘ఉంటాను’ వచ్చింది, ఆరు సెకన్లూ గడిచాయి, శుభాకాంక్షలు వచ్చాయి. ఆ మాట తనదేనని నేను చెప్పలేదు, తను పోల్చుకున్నట్టూ లేదు. కొంగుతో ఫోన్ అద్దం తుడిచి నా చేతికిచ్చి అడిగింది:

“మరి ఆ పిల్ల ఇంటికెళ్ళిందేటి?”

ఫిల్మ్‌లో అది లేదు.

“తెల్లారి డ్యూటీ దిగాక వెళ్ళే ఉంటుందమ్మా” అన్నాను.